మైకు చూసుకునే పిల్లలకూ ఒక చదువుంది

పిల్లలూ,

మొన్నటి వార్షికోత్సవంలో ఒక అయిదు నిమిషాల పాటు జరిగిన సంగతి మీలో చాలామంది చూసి ఉండరు. వేషాలు కట్టుకుని వేదిక పక్కన మీ వంతు కోసం నిలబడి ఉన్నారు. అందుకే ఆ సంగతితోనే మొదలుపెడతాం.

ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. బడి ఏడాది పొడుగునా చేసిన పనుల మీద తయారు చేసిన చిన్న వీడియో వెయ్యాలి. తెర మీద నీలం రంగు వచ్చింది, మధ్యలో 'నో సిగ్నల్' అనే అక్షరాలు వచ్చాయి, బొమ్మ మాత్రం రాలేదు. ఒకరు రిమోటు తీసుకుని వరసగా నొక్కారు. ఇంకొకరు ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టారు. తీగ పీకి మళ్ళీ గుచ్చింది మేమే. ముగ్గురం ఒకేసారి మూడు పనులు చేశాం కాబట్టి దేనివల్ల ఏమవుతోందో ఎవరికీ అర్థం కాలేదు.

అప్పుడు తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి, "సర్, ఒక్క నిమిషం ఎవరూ ఏమీ ముట్టుకోకండి" అన్నాడు. ల్యాప్‌టాప్ దగ్గర మొదలుపెట్టాడు. బొమ్మ బయటికి వెళ్తోందా? వెళ్తోంది. తీగ రెండు చివర్లా సరిగ్గా కూర్చుందా? కూర్చుంది. గోడలోంచి వెళ్ళిన తీగ ప్రొజెక్టరులో ఏ రంధ్రంలోకి వెళ్తోంది? హెచ్‌డీఎమ్ఐ ఒకటిలోకి. ప్రొజెక్టరు ఏ రంధ్రం వైపు చూస్తోంది? రెండు వైపు. రిమోటు నొక్కుళ్ళలో మేమే దాన్ని మార్చేశాం. కుర్చీ ఎక్కి ప్రొజెక్టరు మీదున్న మీట ఒకసారి నొక్కాడు. బొమ్మ వచ్చింది. చప్పట్లు కొట్టారు, వీడియోకి.

ఆ రోజు పాడినవాళ్ళకీ, ఆడినవాళ్ళకీ, వ్యాఖ్యానం చెప్పినవాళ్ళకీ ప్రశంసాపత్రాలు ఇచ్చాం. ఆ జాబితా రాసింది మేమే. అందులో ఆ అబ్బాయి పేరు లేదు. జాబితా చదువుతున్నప్పుడు అతను హాలు వెనక తీగలు చుడుతున్నాడు. మాకు ఆ తప్పు మర్నాటికి గాని తెలియలేదు. తెలిసిన దగ్గర్నుంచి మనసులో తిరుగుతున్న మాటలే ఇవి.

ఖరిదాలో ఒక తాతగారి ప్రశ్న

ఆ తర్వాతి ఆదివారం ఖరిదా బజారులో కూరలు కొంటుంటే ఆ అబ్బాయి తాతగారు కనిపించారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్న కాలంలో శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి ఇక్కడికి వచ్చారట. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల్లో చాలావాటి కథ ఇదే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషనూ, వర్క్‌షాపూ కట్టినప్పుడు ఉత్తరాంధ్ర నుంచి జనం రైలెక్కి పనికి వచ్చారు, ఇక్కడే ఉండిపోయారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, ఆనాడు పెట్టె పట్టుకుని దిగిన పనివాళ్ళే దానికి మూలం.

తాతగారు పలకరింపులు అవగానే అసలు మాటకి వచ్చారు. "మేస్టారూ, మావోడు మైకుసెట్టోడైపోతాడేటి? సదువు మానేసి తీగలట్టుకుని తిరుగుతన్నాడు. ఆళ్ళ నాన్న ఇంజినీరు సేద్దామని సూస్తన్నాడు."

మేము జవాబు చెప్పకుండా ఇంకో ప్రశ్న వేశాం. "తాతగారూ, మీరు పనిలో చేరిన కొత్తలో ఏం నేర్పారు?"

ఆయన నవ్వారు. "ఏటుంటాది? నెలల తరబడి ఆకురాయి అట్టించారు. ఇనప ముక్క నలుపక్కలా సమానంగా రావాల. రాకపోతే మళ్ళీ మొదలు."

ఆకురాయి పట్టి అరచేతులు కాయలు కాచిన ఆ చదువుని ఈ ఊళ్ళో ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఫిట్టరు, టర్నరు, సిగ్నల్ మెయింటెయినరు అనే మాటలు ఖరగ్‌పూర్‌లో గౌరవంగా పలుకుతారు. పెళ్ళిసంబంధాల దగ్గర కూడా పనికొచ్చిన మాటలవి. అలాంటి ఊళ్ళోనే 'మైకుసెట్టోడు' అనేసరికి మన నోళ్ళు ఎందుకు వంకర తిరుగుతాయి? పెళ్ళికీ, మాత పూజకీ గొట్టాలు కట్టి, గట్టిగా పాటలు పెట్టి, కరెంటు పోతే తిట్లు తినే మనిషి మన కళ్ళ ముందుకు వస్తాడు కాబట్టి. నిజానికి ఆ మనిషి పనిలోనూ మనం చూడని తెలివి ఉంది. పైగా ఆ పని ఈ ఇరవై ఏళ్ళలో చాలా మారింది. మారిన పనికి ఒక పేరుంది, ఆడియో విజువల్ టెక్నీషియన్. పొట్టిగా ఏవీ టెక్నీషియన్. ఆ పని ఏమిటో పిల్లలకీ, పెద్దలకీ చెప్పాలన్నదే మా ఉద్దేశం.

ఇంటర్‌లాకింగ్ తెలిసినవాళ్ళకి ఇది సులువు

ఏవీ పనిలో మూడు ముక్కలున్నాయి. శబ్దమో బొమ్మో పుట్టే చోటు ఒకటి: మైకు, కెమెరా, ల్యాప్‌టాప్. అది బయటపడే చోటు ఒకటి: స్పీకరు, తెర. మధ్యలో అది నడిచే దారి ఒకటి. ఏ ఇబ్బంది వచ్చినా పుట్టిన చోటి నుంచి దారి వెంబడే నడుచుకుంటూ పోవాలి. మా అబ్బాయి ఆ రోజు చేసింది సరిగ్గా అదే. మేము చేసింది దారి నడవకుండా నాలుగు దిక్కులా పరుగెత్తడం.

ఈ మూడింటి మీద పెత్తనం చేసేది కంట్రోల్ సిస్టమ్. పెద్ద సమావేశ మందిరాల్లో గోడ మీద చిన్న టచ్ ప్యానెల్ కనిపిస్తుంది. 'సమావేశం మొదలు' అన్న ఒక్క మీట నొక్కితే తెర దిగుతుంది, దీపాలు మందగిస్తాయి, ప్రొజెక్టరు వెలుగుతుంది, మైకులు పలుకుతాయి. చూసేవాళ్ళకి మాయలా ఉంటుంది. ఆ ప్యానెల్ వెనక ఒక చిన్న కంప్యూటరు కూర్చుని ఒక్కో పరికరానికీ దానికి తెలిసిన భాషలో ఆజ్ఞలు పంపుతూ ఉంటుంది. తెర మోటారుకి రిలే ద్వారా. ప్రొజెక్టరుకి ఆర్ఎస్-232 అనే పాత సీరియల్ తీగ మీదో, నెట్‌వర్కు మీదో. టీవీకి మన రిమోటు పంపే ఇన్‌ఫ్రారెడ్ కాంతి ద్వారా. అమెరికాలో క్రెస్ట్రాన్, ఏఎంఎక్స్, ఎక్స్‌ట్రాన్ లాంటి కంపెనీలు ఈ పరికరాలు చేస్తున్నాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసుల సమావేశ గదుల్లోనూ ఇలాంటివే ఉంటున్నాయి.

ఖరగ్‌పూర్ పిల్లలకి దీన్ని వివరించడం తేలిక. లెవల్ క్రాసింగు దగ్గర సైకిలు దిగి నిలబడని వాళ్ళు మనలో లేరు. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటులో, గేటు మూసి తాళం పడితే గాని రైలుకి సిగ్నల్ ఇవ్వడం కుదరదు. ఇవ్వాలనుకున్నా యంత్రం ఒప్పుకోదు. స్టేషను యార్డులోనూ అంతే. పాయింట్లు సరైన వైపుకి తిరగాలి, తిరిగి బిగుసుకోవాలి, బిగుసుకున్నట్టు కబురు రావాలి. ఆ తర్వాతే సిగ్నల్. 2017లో మన స్టేషనులో పాత రిలే పద్ధతి తీసేసి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. అది సుమారు 800 రూట్లని సంభాళిస్తుంది. మీ నాన్నల్లో కొందరు రోజూ పనిచేసేది దానితోనే.

ఏవీ కంట్రోల్‌లో కూడా వరస ముఖ్యం. ప్రొజెక్టరుకి 'వెలుగు' అన్న ఆజ్ఞ పంపిన వెంటనే 'రెండో దారి చూడు' అని ఇంకో ఆజ్ఞ పంపితే చాలా ప్రొజెక్టర్లు దాన్ని పట్టించుకోవు. వేడెక్కుతున్నంతసేపూ వాటికి చెవులుండవు. కాబట్టి ప్రోగ్రాము రాసేవాడు "నువ్వు సిద్ధమయ్యావా?" అని ప్రొజెక్టరుని అడగాలి, "అయ్యాను" అన్న జవాబు కోసం ఆగాలి, అప్పుడు రెండో ఆజ్ఞ పంపాలి. సౌండు పెట్టేటప్పుడు మిక్సరు ముందు, యాంప్లిఫయరు చివర. ఆపేటప్పుడు తిరగేసి, యాంప్లిఫయరు ముందు, మిక్సరు తర్వాత. ఈ వరస తప్పితే స్పీకర్లలో 'ఠప్' మని పెద్ద చప్పుడొస్తుంది. ఆ చప్పుడుకి స్పీకరే పోవచ్చు.

మీట నొక్కినంత మాత్రాన పని అయిందనుకోకూడదు, అయినట్టు కబురు రావాలి. సిగ్నల్ మనిషికీ, ఏవీ మనిషికీ ఈ నియమం ఒక్కటే. తాతగారికి ఇలా చెప్పినప్పుడు ఆయన చేతిలో ఉన్న వంకాయలు బుట్టలో పెట్టేసి, "అయితే ఇది మా రైల్వే పనే గదేటి!" అన్నారు.

ప్లాట్‌ఫారం మీద ఒక లెక్క

ఇందులో చదువు ఎక్కడుందని అడిగేవాళ్ళ కోసం మన స్టేషనులోనే ఒక లెక్క చేద్దాం.

మన ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్ళు ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగైనదిగా పేరు తెచ్చుకుంది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి. గాలిలో ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. ఈ చివర ఒక పెద్ద గొట్టం పెట్టి రైలు వస్తోందని అరిస్తే ఆ చివరి మనిషికి ఆ మాట చేరడానికి ఎంతసేపు పడుతుంది? భాగిస్తే మూడు సెకన్ల పైచిలుకు. చేరేసరికి నీరసించి కూడా పోతుంది, ఎందుకంటే ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే స్టేషనుల్లో ఒక పెద్ద గొట్టం బదులు చిన్న స్పీకర్లు దగ్గర దగ్గరగా వేలాడదీస్తారు.

ఇదే లెక్క మన ఉదయం ప్రార్థనకీ వర్తిస్తుంది. వేదిక దగ్గర ఒక గొట్టం, మైదానం చివర ఇంకో గొట్టం ఉన్నాయనుకోండి. రెండిటి మధ్య దూరం 34 మీటర్లు. చివరి వరసలో నిలబడ్డ పిల్లకి పక్కనున్న గొట్టం మాట ముందు వినబడుతుంది. వేదిక గొట్టం మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. ఒక్కో అక్షరం రెండుసార్లు పడి మాట ముద్దయిపోతుంది. ఏళ్ళ తరబడి వెనక వరసల వాళ్ళు వెనకబడి పాడుతున్నారని కసిరాం. తప్పు వాళ్ళది కానే కాదు. చివరి గొట్టానికి వెళ్ళే శబ్దాన్ని డిజిటల్ ప్రాసెసరులో సెకనులో పదో వంతు ఆపి వదిలితే రెండు మాటలూ కలిసి చేరతాయి. ఆ పదో వంతుని లెక్కగట్టడం తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం.

మైకు తీగ సంగతీ అంతే. మంచి మైకు తీగలో ఒకే శబ్దాన్ని రెండు సన్నని తీగలు ఒకదానికొకటి ఎదురుగా మోస్తాయి, ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది. పక్కనున్న కరెంటు తీగ నుంచి పడే గుయ్ మనే రొద మాత్రం రెండిటి మీదా ఒకేలా పడుతుంది. అవతలి చివర ఒకదాని లోంచి ఇంకొకటి తీసేస్తే రొద పోయి శబ్దం మిగులుతుంది. తీసివేతకి ఇంత అందమైన ఉదాహరణ లెక్కల పుస్తకంలో కూడా దొరకదేమో.

మనలాంటి వాళ్ళకి ఈ పని ఎందుకు?

ఈ బడిలో చదివే పిల్లల్లో చాలామందికి సొంత ఊరు ఏదని అడిగితే జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. పుట్టింది ఒక చోట, పలక పట్టింది ఒక చోట, అయిదో తరగతి ఇంకో చోట. మా సంగతీ అంతే. ముప్ఫైల్లోనే ఇది మాకు ఆరో ఊరు. విశాఖపట్నం, బళ్ళారి, ఆవడి, నాగపూర్, రాయగడ అయ్యాక ఖరగ్‌పూర్. కొత్త ఊళ్ళో మొదటి నెల ఎలా ఉంటుందో మాకు తెలుసు. భాష రాదు. జట్లు అప్పటికే కట్టేసి ఉంటాయి. పాటకీ, నాటకానికీ పిల్లల్ని ముందే ఎంచుకుని ఉంటారు.

ఇంతకు ముందు పనిచేసిన ఒక ఊళ్ళో ఏడో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. నెల రోజులు నోరు విప్పలేదు. ఉదయం ప్రార్థన దగ్గర మైకు కీచుమంటుంటే అందరూ చెవులు మూసుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం నెమ్మదిగా వెళ్ళి మైకు స్టాండుని గొట్టానికి ముందు నుంచి వెనక్కి జరిపింది. కీచు ఆగిపోయింది. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో పడి గిరగిరా తిరిగితే ఆ కీచు పుడుతుందని పాత బడిలో నేర్చుకుందట. మర్నాటి నుంచి మైకు బాధ్యత తనదే. వారం తిరిగేసరికి పిల్లలు ఆ అమ్మాయి చుట్టూ చేరి ఏ మీట దేనికని అడుగుతున్నారు. అడిగినవాళ్ళకి జవాబు చెప్పాలి కదా, అలా ఆ ఊరి భాష నోటికి వచ్చింది.

బదిలీ పిల్లలకి ఈ విద్య ఎందుకు అచ్చివస్తుందో మాకు అప్పుడు తెలిసింది. ఊరు మారితే పాఠ్యపుస్తకం మారవచ్చు, స్నేహితులు మారతారు, మధ్యాహ్నం డబ్బాలో కూర కూడా మారుతుంది. మైకు తీగలో మూడు సూదులూ మాత్రం ఏ ఊళ్ళోనైనా అదే వరసలో ఉంటాయి. ధ్వని వేగం బళ్ళారిలోనూ అంతే, ఖరిదాలోనూ అంతే. ఒకచోట నేర్చుకున్నది పెట్టెలో పెట్టుకుని ఇంకోచోటికి తీసుకుపోవచ్చు.

అయితే తెలుగు మేస్టర్లం కాబట్టి ఒక మాట కలపకుండా ఉండలేం. తీగలతో పనికి మాటెందుకు అనుకోవద్దు. కవి సమ్మేళనానికి వచ్చిన పెద్దాయన "కొంచెం లోతుగా వినిపించాలి నాయనా" అంటారు. నాట్యం నేర్పే టీచరు "పాట పదునుగా లేదు" అంటారు. ఆ మాటల్ని మీటల భాషలోకి మార్చగలిగినవాడే మంచి టెక్నీషియన్. అంటే అనువాదకుడే. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, కాలనీలో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే ఖరగ్‌పూర్ పిల్లలకి అనువాదం పాలతో అబ్బిన విద్య.

దారి ఎటు?

ఇష్టం ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మన బడి హాలు. అందులో ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో కాగితం మీద బొమ్మ గీయండి. ప్రతి తీగకీ రెండు చివర్లా ఒకే అంకె ఉన్న చీటీ అంటించండి. తీగని మెలిపడకుండా చుట్టడం నేర్చుకోండి. ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి. తాతగారి ఆకురాయి లాంటివి ఇవే.

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు ఉంటుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా మూడేళ్ళు. ఇంజినీరింగ్ చదివి ఈ రంగానికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఏ దారిన వచ్చినా కంప్యూటర్ నెట్‌వర్కుల సంగతి నేర్చుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు ఆజ్ఞలే కాదు, డాంటే లాంటి పద్ధతుల్లో శబ్దం కూడా నెట్‌వర్కు తీగ మీదే ప్రయాణిస్తోంది. ఒక పరికరానికి ఐపీ అడ్రసు ఇవ్వడం రాకపోతే నేటి ఏవీ పని ముందుకు సాగదు. పరికరాలు చేసే కంపెనీల్లో చాలావాటికి సొంత శిక్షణ తరగతులున్నాయి. అవిక్సా అనే అంతర్జాతీయ సంస్థ సీటీఎస్ పేరుతో ఒక పరీక్ష పెడుతుంది. దేశదేశాల్లో ఈ రంగం వాళ్ళు గుర్తించే యోగ్యత అది.

పనెక్కడ దొరుకుతుంది? మన పక్కనే 1951లో హిజిలీలో మొదలైన ఐఐటీ ఉంది. అక్కడ నేతాజీ ఆడిటోరియం, కాళిదాస్ ఆడిటోరియం, టాగూర్ పేరున ఆరుబయలు రంగస్థలం ఉన్నాయి. ఐఐటీలు కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు దేశమంతా చూస్తున్నారు. ఆచార్యుల వెనక కెమెరా, మైకు చూసుకున్నవాళ్ళు లేకపోతే ఆ పాఠాలు నల్లబల్ల దగ్గరే ఆగిపోయేవి. హైదరాబాద్‌లో 2006లో తెరిచిన అంతర్జాతీయ సమావేశ కేంద్రం లాంటి చోట్ల ఒక్కో సభకి వరసలు వరసలుగా మనుషులు పనిచేస్తారు. విశ్వవిద్యాలయాలు, ఆస్పత్రులు, హోటళ్ళు, కోర్టులు, పెద్ద దేవాలయాలు, అన్నిటికీ ఇప్పుడు ఈ పనివాళ్ళు కావాలి.

తీపి మాటలే చెప్పి ఊరుకోం. కొత్తలో మీ చేతికి టచ్ ప్యానెల్ ఇవ్వరు, పెట్టెలు మోయిస్తారు. నలుగురూ పండగ చేసుకునే రాత్రి మీకు పని ఉంటుంది. మొదట్లో చాలామందికి పనిదినాల లెక్కన డబ్బు, నెల జీతం కాదు. అన్నీ సవ్యంగా జరిగితే మీరు అక్కడున్నట్టే ఎవరికీ తెలియదు, తప్పు జరిగితే మాత్రం హాలంతా వెనక్కి తిరిగి చూస్తుంది. నిచ్చెనా, కరెంటూ రెండూ ప్రమాదమే. ఎర్త్ సూది విరిచేసిన ప్లగ్గు వాడమంటే, చెప్పింది ఎంత పెద్దవాళ్ళైనా సరే, వాడమని చెప్పండి. 'వాడం' అంటే వాడబోమని అర్థం! బడిలో మెయిన్ కరెంటు పని మీరు ముట్టుకోకూడదు, దానికి ఎలక్ట్రీషియన్ ఉన్నారు.

"ఇదంతా మోజు మేస్టారూ, చదువు పాడవుతుంది" అని తల్లిదండ్రులు అంటే ఆ భయం మాకు అర్థమవుతుంది. మేము ఎవర్నీ ఇంజినీరింగ్ మానేసి ఇటు రమ్మనడం లేదు. పరీక్షల నెలలో రిహార్సల్స్ పేరుతో తరగతులు ఎగ్గొడితే మేమే ఒప్పుకోం. కానీ తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం ఒకసారి పుస్తకంలోనూ, ఒకసారి చేత్తోనూ చదివినవాడు దాన్ని మర్చిపోడు. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా వచ్చి స్థానిక పనివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి పేర్లు అందులో ఉన్నాయి. వాళ్ళ పక్కన మైకుసెట్టు మనిషిని కూడా కూర్చోబెడదాం.

బడులు చెయ్యాల్సినవి

మా తోటి ఉపాధ్యాయులకి మూడు విన్నపాలు.

ఒకటి, కార్యక్రమ పత్రంలో పాడినవాళ్ళ పేర్ల కింద మైకు, తెర, దీపాలు చూసుకున్న పిల్లల పేర్లు కూడా అచ్చు వేయాలి. గాంధీగారి సభల పాత ఫొటోల్లో మైకు మీద 'చికాగో రేడియో' అన్న బోర్డు కనిపిస్తుంది. అది బొంబాయి కంపెనీ. కంపెనీ పేరైనా మిగిలింది గాని, ఆ మైదానాల్లో తీగలు లాగినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. మన బడిలోనైనా రాద్దాం.

రెండు, ఈ పని ఎప్పుడూ ఒకే పిల్లవాడి నెత్తిన పెట్టకూడదు. ఇద్దరిద్దరికి ఇవ్వాలి, వారాల వంతున మార్చాలి, ఆడపిల్లలకి తప్పనిసరిగా ఇవ్వాలి. "వాడికి వచ్చు కదా, వాడినే పిలవండి" అంటే అది నేర్పడం కిందికి రాదు, వాడుకోవడం అవుతుంది. ఇన్నాళ్ళూ మేము చేసింది అదే.

మూడు, ఒక పుస్తకం పెట్టాలి. ఏ రోజు ఏం పాడైంది, ఎలా దొరికింది, ఎవరు బాగుచేశారు. రైల్వేలో డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి ఛార్జి అప్పగించి వెళ్తాడు. బదిలీ మీద వెళ్ళే పిల్లలున్న బడిలో ఇది మరీ అవసరం. లేకపోతే తెలిసినవాడి టీసీతో పాటు తెలిసిన సంగతులు కూడా వెళ్ళిపోతాయి.

ఈ మూడో మాట మాది కాదు, ఆ తొమ్మిదో తరగతి అబ్బాయిది. వాళ్ళ నాన్నకి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. తాతగారు ఖరిదాలోనే ఉంటారు. టీసీ తీసుకోవడానికి వచ్చిన రోజు ఆ అబ్బాయి హాలులోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వెళ్ళి చూస్తే యాంప్లిఫయరు పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటిస్తున్నాడు. ఏ తీగ ఎక్కడికి, ముందు ఏది వెయ్యాలి, చివర ఏది ఆపాలి, నాలుగో మైకు తీగ ఎక్కడ వదులుగా ఉంది, అన్నీ అంకెలు వేసి రాశాడు. పైన ఇంగ్లీషులో, కింద హిందీలో, అడుగున తెలుగులో. తెలుగులో ఒక్కచోట ఒత్తు తప్పింది. దిద్దుదామని కలం తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాం.

ఆరో తరగతి పిల్లలు ఇద్దరు ఇప్పుడు ఆ కాగితం చూసే రోజూ మైకు పెడుతున్నారు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి అతను ఇంకో బడిలో, ఇంకో హాలు వెనక నిలబడి ఉంటాడు. అతనికి మేము ఇవ్వాల్సిన ప్రశంసాపత్రం రాసి తాతగారి చేతికి ఇచ్చాం. ఆయన దాన్ని తన రిటైర్‌మెంటు ఫొటో పక్కన గోడకి తగిలించారు.

వచ్చే వార్షికోత్సవానికి జాబితా మళ్ళీ మేమే రాస్తాం. ఈసారి హాలు వెనక నుంచి మొదలుపెడతాం.